గీజరు విప్పి చూపకుండా ‘మార్చేయండి’ అనడం సరికాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి మా నిజాంపేట అపార్ట్‌మెంట్లలో మెట్ల కింద పాత గీజర్లు పోగుపడడం మొదలవుతుంది. పాత సామాన్లవాడు వచ్చి తూకానికి ఎత్తుకుపోయే దాకా అవి తీగలు వేలాడేసుకుని అక్కడే పడి ఉంటాయి. ఈ చలికాలం మా ఒక్క బ్లాకులోనే ఐదు గీజర్లు అలా గోడ దిగాయి. వాటిలో నాలుగింటిని దించేముందు ఎవరూ విప్పి చూడలేదని ఆ ఇళ్ళవాళ్ళను అడిగితే తెలిసింది. ఆరోది మాది కావలసింది. అది ఎందుకు కాలేదో చెబితే మీ పాఠకుల్లో కొందరికైనా పనికొస్తుందనీ, గీజర్లు అమ్మే కంపెనీలకూ వాటిని నియంత్రించే అధికారులకూ ఒకటి రెండు మాటలు చేరవేయవచ్చుననీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది 15 లీటర్ల గీజరు, కొని ఏడేళ్ళయింది. ఏడాదిగా అది ఒక వింత రోగంతో ఉంది. స్విచ్ వేసిన కాసేపటికే ఎర్ర లైటు ఆరిపోయేది, కుళాయి తిప్పితే నీళ్ళు గోరువెచ్చగా వచ్చేవి. లోపల పేలాలు వేగుతున్నట్టు చిటపటలు వినిపించేవి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కట్టెల పొయ్యి మీద కాగుతో వేన్నీళ్ళు కాచిన మా అత్తయ్యగారికి ఆ చప్పుడు వింటే భయం. “లోపల ఏదో ఉడుకుతోందే, నీళ్ళు కాదు” అనేవారు. ఆవిడ అన్నదే నిజమని తరవాత తేలింది. ఒక రోజు తెల్లవారుజామున స్విచ్ వేయగానే ఇంటి మొత్తానికీ కరెంటు పోయింది. బోర్డు తెరిచి చూస్తే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోయి ఉంది. మళ్ళీ పైకెత్తి గీజరు వేస్తే మళ్ళీ పడింది. అప్పటికే గీజరు కింద చుక్క చుక్కగా నీరు కారుతూ ఉండడంతో రెండు వారాలుగా బకెట్టు పెట్టుకుని కాలం గడుపుతున్నాం.

కంపెనీకి ఫోన్ చేస్తే మూడో రోజున ఒక కుర్రవాడు వచ్చాడు. ఇంటికొచ్చినందుకు ఫీజు 450 రూపాయలు. సెల్‌ఫోన్ లైటు వేసి గీజరు కిందికి ఒకసారి చూశాడు, కారుతున్న చుక్కను వేలితో తాకాడు, “ట్యాంకు పోయిందమ్మా, కొత్తది తీసుకోండి. పాతదిస్తే ఎక్స్‌ఛేంజ్‌లో తగ్గిస్తారు” అన్నాడు. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. విప్పి చూడమని అడిగితే, “విప్పినా లాభం లేదమ్మా, ఉప్పు నీళ్ళకి ఇంతే” అని ఫోన్‌లో కొత్త మోడళ్ళ బొమ్మలు తీసి చూపించాడు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా బండి మీద ఇల్లిల్లూ తిరగవలసిన మనిషికి గోడ మీది గీజరు దించి, విప్పి, తోమి, మళ్ళీ బిగించే తీరిక ఎక్కడిది? నా అభ్యంతరమల్లా విప్పకుండానే తీర్పు చెప్పే ఆ పద్ధతి మీద.

మా వీధి చివర చిన్న దుకాణం పెట్టుకున్న ఎలక్ట్రీషియన్ను పిలిస్తే సాయంత్రం వచ్చాడు. మెయిన్ ఆపి, నీటి వాల్వు కట్టేసి, గీజరును దించి బాల్కనీలో గోనెపట్టా మీద బోర్లా పెట్టాడు. కింది ప్లాస్టిక్ మూత తీసి, లోపలి ప్లేటుకు ఉన్న నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. ప్లేటు ఎంత లాగినా రాలేదు. అటూ ఇటూ కదిపి, కదిపి లాగితే చివరికి నీటిని వేడిచేసే కాయిలు బయటికొచ్చింది. నిజానికి కాయిలు కనిపించలేదు. తెల్లటి గుల్లరాయి ముద్ద ఒకటి వచ్చింది. నా చూపుడు వేలంత లావుండవలసిన కాయిలు మణికట్టంత అయింది. నీరు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ గొట్టం కూడా అదే ముద్దలో కూరుకుపోయి ఉంది. గీజరును పైకెత్తి కుదిపితే గలగలమని పెంకులు రాలాయి. పావు బకెట్టు పైనే వచ్చాయి. ఒక పెంకు మీద నిమ్మచెక్క పిండితే బుసబుస పొంగింది. ముద్దను స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా కొడితే విడిపోయి, కాయిలు పైగొట్టం ఒకచోట నిలువునా చీలి కనిపించింది. ఆర్‌సీసీబీ పడిపోవడానికి కారణం అదే.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో 30 ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే కాఠిన్యత గురించి, తాత్కాలిక కాఠిన్యత, శాశ్వత కాఠిన్యత అంటూ ఏటా నల్లబల్ల మీద ఆ సమీకరణం రాయించాను. కాల్షియం బైకార్బొనేట్ ఉన్న నీటిని వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోయి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి, అడుగున మిగులుతుందని పిల్లల చేత వల్లె వేయించాను. ఆ సమీకరణం ఏడేళ్ళుగా మా స్నానాలగదిలో రోజూ రెండు పూటలా జరుగుతోందని మాత్రం నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నీరు ఎంత వేడెక్కితే ఈ పని అంత జోరుగా సాగుతుంది. అందరికన్నా వేడిగా ఉండేది కాయిలు కాబట్టి సున్నం వెతుక్కుని వెళ్ళి దాన్నే పట్టుకుంటుంది. థర్మోస్టాట్ కూడా ఆ పొరలో చిక్కుకుంటే కాయిలు వేడిమినే నీటి వేడి అనుకుని తొందరగా కరెంటు ఆపేస్తుంది. మా ఎర్ర లైటు ముందే ఆరిపోవడంలోని రహస్యం అదన్నమాట.

మా బోరు నీటిని సీసాలో పట్టి, మా పాత కళాశాలలోనే ఇప్పుడు పాఠాలు చెబుతున్న నా విద్యార్థినికి పంపాను. ఈడీటీఏ అనే రసాయనాన్ని బొట్టు బొట్టుగా కలిపి టైట్రేషన్ చేసి, ద్రాక్షరంగు నీలంగా మారిన చోట లెక్క కట్టి, లీటరుకు 640 మిల్లీగ్రాముల కాఠిన్యత ఉందని చెప్పింది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇది 200 దాకా ఉండవచ్చు, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. మా ఇంట్లో నలుగురికీ కలిపి రోజుకు 60 లీటర్లు గీజరు గుండా వెళ్ళాయనుకుంటే, ఏడాదికి 14 కిలోల సున్నం సరుకు ఆ చిన్న ట్యాంకులోంచి ప్రయాణిస్తుంది. అందులో పదో వంతు లోపల దిగబడినా ఏడాదికి కిలోన్నర దగ్గరికొస్తుంది. బాల్కనీలో పోగైన పెంకులను చూశాక ఈ లెక్క నాకు అతిశయోక్తిగా అనిపించలేదు.

“మాకు కృష్ణా నీళ్ళు వస్తున్నాయి కదా, మాకెందుకీ బాధ” అని కొందరు అడుగుతారు. నగరానికి నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీరు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు వస్తున్న మాట నిజమే, బోరు నీటితో పోలిస్తే అవి ఎంతో మెత్తని నీళ్ళు. అయితే మావంటి అపార్ట్‌మెంట్లలో వాటర్ బోర్డు నీరు వంటింటి కుళాయికి ఒక గొట్టంలో, బోరు నీరు స్నానాలగదులకు మరో గొట్టంలో వెళ్ళేటట్టు బిల్డర్లు వేరువేరు లైన్లు వేశారు. అంటే మంచినీళ్ళు తాగేది మనం, ఉప్పు నీళ్ళు తాగేది గీజరు. వేసవిలో ట్యాంకర్లు తెప్పించుకున్నా వచ్చేది ఎక్కువగా ఎక్కడో ఒక బోరు నీరే. కాబట్టి మీ ఇంటి కుళాయిలో ఏ నది నీరు వస్తోందన్నది కాదు, గీజరు గొట్టం ఏ ట్యాంకు నుంచి దిగుతోందో మేడ మీదికి ఎక్కి ఒకసారి చూసుకోవడం మంచిది.

సున్నం పడితే కరెంటు బిల్లు రెట్టింపవుతుందని చాలామంది అంటారు. నా దృష్టిలో ఇది కొంత పెంచి చెప్పే మాట. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 0.7 యూనిట్ పడుతుంది, 2 కిలోవాట్ల కాయిలు ఆ పనికి 20 నిమిషాలు పైచిలుకు తీసుకుంటుంది. కాయిలు నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి దాని వేడి ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది. నష్టపోయేది బిల్లు కన్నా ముందు కాయిలు. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి, కాయిలు లోలోపల మండిపోయి, గొట్టం పగిలి, నీటికీ కరెంటుకూ మధ్య అడ్డు పోతుంది. ఇది బిల్లు కన్నా పెద్ద ప్రమాదం. మా ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోయి ఉంటే, ఎర్తింగ్ కూడా సరిగా లేకపోయి ఉంటే, తడి చేత్తో కుళాయి తిప్పిన మనిషికి ఆ సంగతి తెలిసేది. గీజరున్న ప్రతి ఇంట్లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలన్న మాటను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

కాయిలు పక్కన ఉండవలసిన మెగ్నీషియం కడ్డీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏడేళ్ళలో దాని పేరు మాతో ఎవరూ ఎత్తలేదు. ఇనుప ట్యాంకు లోపల గాజుపూత వేసినా ఎక్కడో సూదిమొన అంత సందు ఉండనే ఉంటుంది. ఇనుము కన్నా ముందుగా తాను కరిగిపోయి ట్యాంకును కాపాడడం ఈ కడ్డీ పని. మా గీజరులో కడ్డీ స్థానంలో తుప్పుపట్టిన ఒక సన్నని తీగ మాత్రం మిగిలింది. మా ఎలక్ట్రీషియన్ దాన్ని చూపించి, “ఇది అయిపోయాక నీళ్ళు ట్యాంకును తింటాయమ్మా, మీది ఇంకా మొదలు పెట్టినట్టు లేదు” అన్నాడు. ఏ లోహం ముందు కరుగుతుందో తెలిపే విద్యుద్రసాయన శ్రేణిని 30 ఏళ్ళు చెప్పిన నాకు అంతకన్నా తేలికగా చెప్పడం ఎప్పుడూ చేతకాలేదు. బోరు నీళ్ళ ఇళ్ళలో ఈ కడ్డీని ఏడాదికోసారి తీసి చూడాలి, సగానికి పైగా అరిగితే మార్చాలి.

మరి కారుతున్న నీరు? అది ట్యాంకుది కానే కాదు. చల్లనీటి గొట్టం దగ్గర ఉండే సేఫ్టీ వాల్వులోంచి వస్తోంది. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 15 లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకు పోతే రమారమి 225 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వెనక్కి పోయే దారి లేని చోట ఆ నీరు వాల్వు గుండా బొట్లుగా రావడం దాని ధర్మమే. మా వాల్వు అంచులో సున్నపు నలుసు ఇరుక్కుని, ఆగవలసినప్పుడు కూడా ఆగడం లేదు. కొత్త వాల్వు, కొత్త కాయిలు, కడ్డీ, గాస్కెట్, మజూరీ అన్నీ కలిపి 2,100 రూపాయలయ్యాయి. ఎక్స్‌ఛేంజ్ పోనూ కొత్త గీజరుకు మాకు చెప్పిన ధర 8,500.

ఇలా రాసినంత మాత్రాన ప్రతి గీజరునూ బాగుచేయించుకోమని నా సలహా కాదు. మా పై అంతస్తులో ఒకరి గీజరు లోపలి ట్యాంకే చిల్లుపడింది. గొట్టాల కీళ్ళు, వాల్వు, గాస్కెట్ అన్నీ పొడిగా తుడిచి కాగితం ముక్క పెట్టి చూసినా తడవలేదు, కానీ బయటి డొక్కు అడుగు నుంచి తుప్పు రంగు నీరు వస్తూనే ఉంది. లోపలి ఫోమ్ మొత్తం నాని ఉబ్బిపోయింది. దానికి వెల్డింగు పెట్టించారు, పైన ఎం-సీల్ పూశారు, నెల తిరక్కుండా మళ్ళీ కారింది, ఈసారి డొక్కు మీద చేయి వేస్తే జిల్లుమంది. ట్యాంకు పోయిన గీజరును పారేయడం తప్ప మార్గం లేదు. దాన్ని బతికించాలనుకోవడం పిసినారితనం కూడా కాదు, ప్రాణాలతో ఆట.

అంతకన్నా భయపడవలసిన రిపేరు ఇంకొకటుంది. థర్మోస్టాట్ పాడైతే, కొత్తది దొరికే దాకా అని రెండు తీగలు కలిపి ‘డైరెక్ట్’ చేసి పోయేవాళ్ళు ఉన్నారు. వాల్వు కారుతోందని దానికి మూతపెట్టి బిగించేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండూ ఒకే గీజరులో జరిగితే నీరు 100 డిగ్రీలు దాటినా ఆపేవాడు ఉండడు, పెరిగే ఒత్తిడికి బయటికి దారి ఉండదు. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. ఎక్కడైనా గీజరు పేలిందన్న వార్త చదివినప్పుడు ముందుగా ఈ రెండింటినీ అనుమానించాలి. ఏ మెకానిక్ అయినా ‘డైరెక్ట్’ అన్న మాట ఎత్తితే అక్కడే పని ఆపించండి.

ఇక కంపెనీల వారితో నా మాట. మా వారంటీ కార్డులో ట్యాంకుకు 5 ఏళ్ళు అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆఖరి పేజీలో, భూతద్దం పెడితే కనిపించేటట్టు, కఠిన జలం వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని ఉంది. ఎంత ఉంటే కఠిన జలమో అంకె లేదు. అట్టపెట్టె మీద ఆ ఊసే లేదు. బోరు నీళ్ళ మీద బతికే ఊళ్ళలో ఈ షరతుతో అమ్మే వారంటీ దేనికి పనికొస్తుంది? ఐఎస్ఐ గుర్తు, గీజర్ల ప్రమాణమైన ఐఎస్ 2082 అంకె భద్రతకు హామీ ఇస్తాయి, మంచిదే. కరెంటు పొదుపు కోసం వేసే స్టార్లు, నిలవ ఉంచిన నీరు 24 గంటల్లో ఎంత వేడి పోగొట్టుకుంటుందో చెబుతాయి, అదీ మంచిదే. మా నీళ్ళలో ఈ గీజరు ఎన్నాళ్ళుంటుందో మాత్రం ఏ గుర్తూ చెప్పదు. ఎంత కాఠిన్యత దాకా తమ సరుకు తట్టుకుంటుందో ఆ అంకెను పెట్టె పైన, తెలుగులో, ధర అచ్చువేసినంత సైజులో అచ్చు వేయాలని భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన తేవాలి. కడ్డీ ఎప్పుడు చూడాలో కార్డు మొదటి పేజీలోనే ఉండాలి. ఇంటికి వచ్చిన మెకానిక్ ‘మార్చాలి’ అనేముందు ప్లేటు విప్పి చూపాలి, లోపం ఏమిటో రశీదు మీద రాయాలి, తీసేసిన పాత భాగం ఇంటివారికే ఇవ్వాలి. మోటారు సైకిలు మెకానిక్కులు అడిగితే పాత బ్రేకు లైనర్లు చేతికిస్తారు కదా, 8,000 రూపాయల వస్తువుకు ఆ మర్యాద ఎందుకు ఉండదు?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది, గృహోపకరణాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. విడిభాగాల ధరలూ, విప్పి బిగించే పద్ధతీ వినియోగదారుకు అందుబాటులో ఉండాలన్నది దాని ఉద్దేశం. మా మోడల్ కాయిలు మాకు దొరికింది మాత్రం వీధి చివరి దుకాణంలోనే. వారంటీ ఉండి కూడా నిరాకరించిన చోట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళాలంటే వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు వెళ్ళాలి, వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అయితే అక్కడ చూపడానికి రశీదు కావాలి, రశీదు మీద కారణం రాసి ఉండాలి. ‘ఉప్పు నీళ్ళకి ఇంతే’ అన్న నోటిమాట ఏ కమిషన్ ముందూ నిలవదు.

బిల్డర్లకూ ఒక విన్నపం. స్నానాలగదిలో అటక కట్టి, అందులోకి గీజరును దూర్చి, ముందు పలక బిగించేస్తున్నారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. అందులోంచి కాయిలు బయటికి లాగాలంటే మాత్రం కింద జానెడు చోటు కూడా ఉండదు. గోడ పగలగొట్టలేక మంచి గీజరును పారేసుకున్న ఇల్లు కూడా మా బ్లాకులో ఒకటి ఉంది.

మా గీజరు ఇప్పుడు 55 డిగ్రీల దగ్గర పెట్టి నడుపుతున్నాం, చిటపటలు లేవు. వచ్చే కార్తీకంలో మళ్ళీ విప్పాలని మూత మీద తేదీ రాసి అంటించాం. పాత కాయిలును, దానికి ఇంకా అంటిపెట్టుకుని ఉన్న సున్నపు గుల్లతో సహా, నీరు పరీక్షించి పెట్టిన నా విద్యార్థినికి పంపాను. ఈ ఏడు కాఠిన్యత పాఠం రోజున దాన్ని ముందు పిల్లల చేతికిచ్చి, సమీకరణం ఆ తరవాత రాస్తానంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
నిజాంపేట, హైదరాబాద్.